కోత పండుగకు పంట లేనప్పుడు

తెలుగునాట సంఘ పెద్దలు ఎక్కడ కూర్చున్నా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: యౌవనస్థులు ఆరాధనకు ఎందుకు రావడం లేదు? దాని వెంటే జవాబులూ వస్తాయి. కీబోర్డు కొందాం, పాటలు తెర మీద వేద్దాం, వాక్యం యూట్యూబ్‌లో లైవ్ ఇద్దాం. వీటిలో తప్పేమీ లేదు. అయితే ఇవన్నీ మందిరంలోకి వచ్చినవాళ్లను ఇంకాసేపు కూర్చోబెట్టే ఏర్పాట్లు. రానివాళ్లు ఆ వేళకు ఎక్కడున్నారన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న. చాలా ఊళ్లలో దానికి జవాబు ఒకటే. పనిలో ఉన్నారు.

ఇక్కడ సంఘం అంటే ఒక ఊళ్లో ఒక మందిరం చుట్టూ కూడుకునే విశ్వాసులు అనే అర్థంలోనే మాట్లాడుకుందాం. డయాసిస్‌లు, సినడ్లు, వాటి ఎన్నికలు వేరే చర్చ. ఊరి సంఘాల గురించి నేను చెప్పదలచింది ఇది: ఈ సంఘాలు తెలుగు నేలలో వేళ్లూనుకున్నది కూలిజనం పనిదినాన్ని గమనించి దానికి తగ్గట్టు తమను అమర్చుకోవడం వల్ల. ఇప్పుడు ఆ జనం చేసే పని మారింది. పనిచేసే ఊరు మారింది. సెలవు రోజు కూడా మారింది. సంఘం వేళలు, పండుగలు, కమిటీలు మాత్రం పాత పనిదినం మీదే నడుస్తున్నాయి.

మొదట ఎలా అమర్చుకున్నాయో చూద్దాం. ఒంగోలు ప్రాంతంలో 1860ల్లో బాప్టిస్టు సంఘం విస్తరించడానికి దారి వేసినవారిలో యర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. ఆ వ్యాపారం మీద ఊరూరా తిరిగే మనిషికి ప్రతి పల్లెలోనూ బంధువులో, బేరం తెలిసినవాళ్లో ఉంటారు. సువార్త ఆ బాటల వెంటే నడిచింది. అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ పేరు చరిత్ర పుస్తకాల్లో ముందు కనిపించవచ్చు కానీ, పల్లెల తలుపులు తెరిచింది పేరయ్య లాంటి పనివాళ్ల పరిచయాలే.

తరువాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ కాలంలో ఆయన తీసుకున్న ఒక నిర్ణయం ఇప్పటికీ ఆలోచించదగినది. సహాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, మారేవాళ్లకు కూడా తమ మనసు తమకు స్పష్టంగా తెలియాలని ఆయన ఉద్దేశం. కరువు తీరి సహాయపు పని ముగిశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్యను సంఘాలు గర్వంగా చెప్పుకుంటాయి. దాని ముందున్న ఆ నెలల నిరీక్షణ గురించి అంతగా చెప్పుకోవు. నాకు మాత్రం ఆ నిరీక్షణే సంఖ్య కంటే విలువైనదిగా కనిపిస్తుంది.

మెదక్ సంగతీ ఇలాంటిదే. చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. కరువు రోజుల్లో ఆ కట్టడం పని చుట్టుపక్కల పల్లెలకు అన్నం పెట్టిందన్న జ్ఞాపకం నేటికీ ఆ ప్రాంతంలో మతాలతో నిమిత్తం లేకుండా వినిపిస్తుంది. క్రిస్మస్‌కు అక్కడికి వచ్చే జనంలో క్రైస్తవులు కానివారు అంతమంది ఎందుకుంటారో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది.

దోర్నకల్‌లో ఇదే సూత్రం రోజువారీ జీవితంలోకి దిగింది. 1912లో ఆంగ్లికన్ సభకు తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య తమిళుడు; తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెల్లో పనిచేశారు. ఆయన కాలంలో పల్లె సంఘానికి ఆధారం ఊరి ఉపదేశి. అదే మనిషి బడి పంతులు, ప్రార్థన నడిపేవాడు, ఉత్తరాలు చదివిపెట్టేవాడు, అర్జీలు రాసిపెట్టేవాడు. ప్రార్థన చీకటి పడ్డాక జరిగేది. పొలం నుంచి మనుషులు వచ్చేది అప్పుడే కాబట్టి. గంట కొట్టే వేళను యజమాని పొలమూ కూలీ నడకా నిర్ణయించాయి, సంఘం దాన్ని అంగీకరించింది.

పాటల విషయంలోనూ మొదటి తరాలు ఇలాగే చేశాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాగతాళాలతో కీర్తనలు రాసినప్పుడు అవి కొత్త పాటలు. ఇంగ్లీషు వరసలకు అనువాదాలు పాడుకునే చోట, జనం చెవికి అలవాటైన బాణీలు వచ్చాయి. ఈ రోజు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని సంప్రదాయం అంటున్నాం, మంచిదే. ఆ పుస్తకాన్ని కాపాడాలనుకునే పెద్దలూ, కొత్త పాట కావాలనే పిల్లలూ ఆ కీర్తనకారుల దారిలోనే ఉన్నారు. ఇద్దరూ ఒక ఆదివారం కలిసి కూర్చొని పాత కీర్తనలు రెండింటిని ఈనాటి వాద్యాలతో నేర్చుకుంటే ఆ తగవు చాలావరకు తీరుతుంది. దాని మీద ఇంతకంటే కాలం ఖర్చుపెట్టనక్కరలేదు.

ఇక వర్తమానానికి వద్దాం. ఉపదేశి చేసిన పనులు ఒక్కొక్కటే చేతులు మారాయి. బడి ప్రభుత్వానిదైంది. పొదుపు సంఘాలు డ్వాక్రా పేరుతో వచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక పల్లె పిల్లలు ఇంజనీరింగు కాలేజీలకు వెళ్లారు. ఉత్తరం చదివిపెట్టే అవసరం ఫోన్‌తో పోయింది. ఇది సంఘం ఓటమి కాదు. తాను మొదలుపెట్టిన పని అందరి హక్కుగా మారడాన్ని సంఘం సంతోషంగా చూడాలి. కానీ ఆ పనులు పోయిన చోట కొత్త పనేదీ రాకపోతే సంఘానికి మిగిలేది ఆదివారం రెండు గంటలు మాత్రమే.

ఆ రెండు గంటలు కూడా ఎవరివి? పల్నాడు, గుంటూరు వైపు ఒక సంఘాన్ని ఫిబ్రవరి, మార్చి నెలల్లో చూడండి. శ్రమల కాలం అని, ఈస్టరుకు ముందు నలభై రోజులు సాయంత్రం కూడికలు పెడతారు. సరిగ్గా అవే మిరప కోతల రోజులు. ఆడవాళ్లు తెల్లారకముందే అన్నం గిన్నె సర్దుకొని ఆటో ఎక్కుతారు. కోతలు లేనివాళ్లు యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే పనికి పోతారు. ఇంటికి వచ్చేసరికి వేళ్లు, కళ్లు మంట. స్నానం చేసినా ఆ ఘాటు పోదు. ఏడు గంటల కూడికకు ఆ మనిషి వచ్చి ముప్పావు గంట ప్రసంగం వినాలని మనం కోరుతున్నాం. రాకపోతే భక్తి తగ్గిందంటున్నాం.

కోస్తాలో రొయ్యల ఫ్యాక్టరీ బస్సు ఆదివారం కూడా వస్తుంది. హైదరాబాదు ఆసుపత్రుల్లో నర్సుగా చేసే అమ్మాయికి వీక్లీ ఆఫ్ ఏ రోజు పడుతుందో ఆమె చేతిలో ఉండదు. మాల్‌లో నిలబడే కుర్రాడికి, బండి మీద భోజనం పార్శిళ్లు చేరవేసే కుర్రాడికి ఆదివారమే అన్నిటికంటే బరువైన రోజు. ఆదివారం సెలవు అనేది ఆఫీసు ఉద్యోగుల క్యాలెండరు. ఒకప్పుడు పొలం వేళను బట్టి గంట కొట్టిన సంఘం, ఉద్యోగస్థులు పెద్దలయ్యాక వాళ్ల క్యాలెండరుకు మారింది. కూలి క్యాలెండరు మళ్లీ వేరైపోయిందని గమనించలేదు.

ఆరాధన ఆదివారమే కదా జరగాలి అని ఎవరైనా అడగవచ్చు. ఆదివారం ప్రభువు పునరుత్థాన దినం, దాన్ని ఎవరూ తీసేయమనడం లేదు. అయితే కువైట్‌లో వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి అక్కడి తెలుగువాళ్లు శుక్రవారమే ఆరాధనకు కూడుకుంటారు. ఉభయ గోదావరి, కడప జిల్లాల నుంచి వెళ్లిన వాళ్లు అక్కడ ఏళ్ల తరబడి అలా ఆరాధించి తిరిగి వచ్చారు. వాళ్ల విశ్వాసానికి లోటు రాలేదు. ఊళ్లో మంగళవారం రాత్రి ఎనిమిదిన్నరకు ప్రభు సంస్కారంతో సహా చిన్న ఆరాధన పెడితే ఆ రోజు ఆఫ్ దొరికిన నలుగురు వస్తారు. నలుగురి కోసం పాస్టరుగారు రావడమే ఇక్కడ అసలు విషయం.

కోత పండుగ దగ్గర ఈ మార్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పంట ఇంటికి వచ్చాక మొదటి ఫలం దేవునికి తెచ్చే పండుగ ఇది. బల్ల ముందు వడ్ల కంకులు, గుమ్మడికాయలు, గోంగూర కట్టలు, మునక్కాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. ఆరాధన ముగిశాక వేలం. ఒక కోడిగుడ్డు పాడుకున్నవాళ్లు దాన్ని మళ్లీ కానుకగా తిరిగి ఇచ్చేస్తే అదే గుడ్డు మూడోసారి, నాలుగోసారి పాటకు వస్తుంది. పిల్లలు ముందు వరసలో కూర్చొని ధర అరుస్తారు. సొంత పొలం లేని కూలి కూడా పెరటి సొరకాయ తెచ్చి ఆ బల్ల మీద పెట్టగలగడం ఈ పండుగలోని గొప్పతనం. ఆ రోజు అతడు యజమానితో సమానంగా ఇచ్చేవాడు.

ఇప్పుడు అదే బల్ల ముందు కవర్లు పెరుగుతున్నాయి. సెంట్రింగ్ పనిచేసే కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్‌లో డబ్బు పంపుతాడు, తల్లి దాన్ని కవర్లో పెట్టి తెస్తుంది. కూరగాయలు బజారులో కొని తెచ్చినవి. పండుగ నడుస్తుంది, వసూలు కూడా బాగానే అవుతుంది. కానీ ఆ సంఘంలో ఇప్పుడు ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారో ఆ బల్ల చెప్పడం మానేసింది. తాపీ, డ్రైవింగు, నర్సు డ్యూటీ, కోడ్ రాయడం, ఇంటి పని, ఇవేవీ దాని మీద కనిపించవు. కనిపించని పని కోసం సంఘం ప్రార్థన చేయదు. ఆ పనిలో జరిగే అన్యాయం గురించి అడగదు. పనిలో దెబ్బ తగిలి మంచాన పడినా ఆలస్యంగా తెలుసుకుంటుంది.

దీనికి చేయగలిగింది తేలికే. కోత పండుగ నాడు ప్రతి పనివాణ్ణీ తన పనిముట్టు ఒకటి తెమ్మనవచ్చు: తాపీ, టెస్టర్, స్టెతస్కోపు, ఆటో తాళం. వాటిని వేలం వేయనక్కరలేదు. బల్ల మీద పెట్టి, ఏ పని ఎవరిదో పేరు పెట్టి చెప్పి, ప్రార్థన చేసి తిరిగి ఇచ్చేస్తే చాలు. వేలానికి పాత కోడిగుడ్డు ఎలాగూ ఉంటుంది. సొంత చేతి పనిని దేవుని ముందు పెట్టడమనే ఆ పండుగ ఉద్దేశం ఇందులో చెక్కుచెదరదు.

పల్లె సంఘాల్లో ఇంకో పాత అలవాటు ఉంది: పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో వేసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారానికి ఆ కుండ మందిరానికి వస్తుంది. బీద సంఘాలు తమ ఉపదేశిని తామే పోషించుకోగలిగింది ఇలాంటి బియ్యంతోనే. దీనిలో లెక్కకు రాని లాభం ఒకటుంది. ఏ ఇంటి కుండ ఈ వారం రాలేదో స్త్రీల సమాజానికి తెలుస్తుంది. పొయ్యి వెలగలేదా, మనిషికి బాగాలేదా, కోడలితో మాటా మాటా వచ్చిందా అని ఒకరు వెళ్లి చూసి వస్తారు. సంఘానికున్న సమాచారమంతా నిజానికి ఈ ఆడవాళ్ల దగ్గరే ఉంది. వాళ్లు కూర్చునేది చాప మీద, తీర్మానాలు జరిగేది కుర్చీల్లో. దక్షిణ ఇండియా సంఘం 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత గారిని బిషప్‌గా అభిషేకించింది. బిషప్ పీఠం దాకా వెళ్లిన మార్పు ఊరి కమిటీ దాకా ఇంకా రాలేదంటే, ఆగింది ఊళ్లోనే. కమిటీలో సగం స్థానాలు స్త్రీలకు ఇవ్వడానికి ఏ పైవాళ్ల అనుమతి కోసమూ ఎదురుచూడనక్కరలేదు. నియమావళి అడ్డొస్తే, నియమావళి సవరణకు మొదటి తీర్మానం ఊరి నుంచే పంపాలి.

పిల్లలు వెళ్లిపోయిన ఇళ్లలో ముసలివాళ్లు మిగిలారు. వాళ్లకు ప్రార్థన చేసేవాళ్లు దొరుకుతున్నారు. డయాలసిస్‌కు తోడు వెళ్లేవాళ్లు, ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర కాగితాలు పట్టుకొని నిలబడేవాళ్లు, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఓటీపీ అడిగితే చెప్పవద్దని ముందే హెచ్చరించేవాళ్లు తక్కువ. పాత ఉపదేశి అర్జీ రాసిపెట్టడానికి ఈనాటి రూపం ఇదే. ఫోన్ బాగా తెలిసిన ఇంటరు పిల్లలు సంఘంలోనే ఉన్నారు. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట మందిరం అరుగు మీద ఒక బల్ల వేసి వాళ్లను కూర్చోబెడితే, యౌవనస్థులు ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు కూడా కొంత జవాబు అక్కడే దొరుకుతుంది. ఎవరికైనా ఉపయోగపడుతున్న చోటికి మనిషి మళ్లీ వస్తాడు. ఆ బల్ల దగ్గరకు మసీదు వీధి నుంచీ, రామాలయం వీధి నుంచీ జనం వస్తే రానివ్వాలి. వచ్చినవాళ్ల చేతిలో కరపత్రం పెట్టకూడదు. కరువు కాలంలో క్లౌ పాటించిన నియమం ఈ బల్లకూ వర్తిస్తుంది.

గల్ఫ్‌కు వెళ్లే ఆడవాళ్ల విషయం ఇంకా సున్నితమైనది. ఇంటిపని కోసం వెళ్లేవాళ్లు పాస్టరుగారి చేత ప్రార్థన చేయించుకొని బయలుదేరడం గోదావరి జిల్లాల్లో మామూలే. ఆ ప్రార్థనకు ముందు మూడు సంగతులు అడిగే అలవాటు సంఘానికి ఉండాలి. ఏజెంటు ప్రభుత్వం దగ్గర రిజిస్టరైనవాడేనా? ఇస్తున్నది పని వీసానా, విజిట్ వీసానా? పాస్‌పోర్టు, ఒప్పందం కాగితాల నకళ్లు ఇంట్లో ఉన్నాయా? విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చిక్కుకున్న మనిషికి అక్కడ చట్టం సహాయం దొరకడం చాలా కష్టం. ఇక్కడ ఊళ్లో అడిగిన ఒక ప్రశ్న ఆమెను ఆ కష్టం నుంచి తప్పించగలదు.

భాష సంగతి ఒక్క మాట. 1903లో తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సొసైటీ జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపింది. కియర్స్‌నీ తేయాకు తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్య ఆయన సంఘాన్ని, బడిని నిలబెట్టారు. తరాలు గడిచేకొద్దీ అక్కడి పిల్లలు ఇంగ్లీషులో పెరిగారు, ఆరాధనా ఇంగ్లీషుకు మారింది. సంఘాలు మాత్రం మిగిలాయి. బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న తెలుగు సంఘాలకు ఇదే ఎంపిక ఇప్పుడు ఎదురవుతోంది. తెలుగు పోకూడదని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే పిల్లలకు తెలుగు నేర్పే పని సండే స్కూలు తలకెత్తుకోవాలి. అర్థం కాని ప్రసంగం ముందు వాళ్లను కూర్చోబెట్టినంత మాత్రాన భాష నిలవదు.

సంఘం ఊరికి ఎంత అవసరమో కొన్నిసార్లు ఒక్క రోజులో తేలుతుంది. 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద దాడి జరిగినప్పుడు, ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరుకొని చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ రోజు గేటు తెరవాలా వద్దా అని కమిటీ కూర్చొని చర్చించేంత సమయం ఎవరికీ ఉండదు. అలాంటి రోజుకు సిద్ధంగా ఉండాలంటే మామూలు రోజుల్లో ఆ ఆవరణ ఎవరిదన్న తగవు ఉండకూడదు. ఆస్తుల కోర్టు కేసులతో తాళాలు పడిన మిషన్ కాంపౌండ్లు కొన్ని చోట్ల ఉన్నాయి. మందిరం స్థలం ఒక కుటుంబం పేరిట ఉన్న స్వతంత్ర సంఘాలూ ఉన్నాయి. కానుకల జమాఖర్చులు నెలనెలా ఆరాధనలో చదివి గోడకు అంటించే సంఘంలో ఇలాంటి తగవు ముదరడం కష్టం.

ఇక ఆచరణకు వస్తే, మొదలుపెట్టవలసిన చోటు సంఘపు రిజిస్టరు. దానిలో ఇప్పుడు పేరు, బాప్తిస్మం, పెళ్లి, మరణం తేదీలుంటాయి. ఇంకో నాలుగు గడులు చేర్చాలి: ఎక్కడ ఉంటున్నారు, ఏం పని చేస్తున్నారు, సెలవు ఏ రోజు, ఇంట్లో ఒంటరిగా ఎవరున్నారు. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు, యౌవనస్థుల నుంచి ఇద్దరు ఇల్లిల్లూ తిరిగితే వంద ఇళ్ల సంఘానికి ఇది నెల రోజుల పని. ఆరాధన ఏ వేళకు పెట్టాలో, శ్రమల కాలం కూడికలు ఎంతసేపు ఉండాలో, ఎవరి ఇంటికి వారానికోసారి వెళ్లాలో ఆ జాబితాను చూసే నిర్ణయించవచ్చు.

ఆ రిజిస్టరులో ఒక గడి మాత్రం ఉండకూడదు. సర్టిఫికెట్‌లో మతం ఏమని రాసి ఉందో అడగకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన షెడ్యూల్డ్ కులాలవారు బీసీ-సీ కిందికి వస్తారు, ఆ కోటా ఒక్క శాతం. వారికి ఎస్సీ హోదా ఇవ్వాలని కోరుతూ 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసినా, మార్చవలసింది కేంద్రం. అందుకే చర్చిలో ఒక పేరు, కాలేజీ ఫారంలో ఇంకో పేరు ఉన్న పిల్లలు ప్రతి పల్లె సంఘంలోనూ ఉన్నారు. మతం మారినా కులం పేరుతో అదే అవమానాన్ని మోస్తున్న మనిషికి చట్టం ఆ రక్షణ తీసేసింది. వాళ్లను సంకటంలో పెట్టింది చట్టమే తప్ప వాళ్ల విశ్వాసంలో లోపం కాదు. రిజిస్టరు పట్టుకొని వచ్చినవాళ్లు ఆ సంగతి అడుగుతారన్న అనుమానం కలిగితే ఆ ఇళ్ల తలుపులు తెరుచుకోవు. ఒంటరి ముసలమ్మ పేరూ, నైట్ డ్యూటీ అమ్మాయి పేరూ సంఘానికి అందకుండా పోయేది ముందుగా ఆ ఇళ్ల నుంచే. కాబట్టి జాబితా రాయడానికి వెళ్లే నలుగురూ మొదటి గడప ఎక్కకముందే ఆ గడి లేదని, ఉండబోదని ఆరాధనలో అందరి ముందు ప్రకటించాలి.